హవాయి కుంకుళ్ళు

ఆ రోజుల్లో అమెరికా వచ్చే తెలుగు ఆడపిల్ల సూట్‌కేసులో ఏమేం ఉండేవో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఆవకాయ సీసా, బైబిలు, రెండు ఊలు స్వెట్టర్లు, అన్నిటికీ అడుగున ఒక గుడ్డసంచిలో కుంకుడుకాయలు. ఎనభైల మొదట్లో నేను నర్సు ఉద్యోగానికి బాపట్ల నుంచి షికాగో పక్కనున్న షామ్‌బర్గ్ వచ్చి మా పెద్దక్క అపార్ట్‌మెంటులో దిగినప్పుడు, అక్క నన్ను కావలించుకుని మొదట అడిగింది అమ్మ ఎలా ఉందని కాదు, "కుంకుళ్ళు తెచ్చావా?" అని. తెచ్చాను. కానీ ఎయిర్‌పోర్టులో ఒక ఆఫీసరు ఆ సంచి విప్పి, ఒక కాయ వాసన చూసి, మొహం అదోలా పెట్టి మొత్తం చెత్తబుట్టలో పారేశాడు. (ఆ మాట విని అక్క ఏడ్చిన ఏడుపు తాతయ్య పోయినప్పుడు కూడా ఏడవలేదని బావ ఇప్పటికీ అంటాడు. అబద్ధం. తాతయ్యకి కాస్త ఎక్కువే ఏడ్చింది.) అక్క బాధ ఊరికే కాదులెండి. మోకాళ్ళ దాకా ఉండే జుట్టు షాంపూల పుణ్యమా అని నడుం దాకా వచ్చింది. స్నానం చేసినప్పుడల్లా బాత్‌రూమ్ తూములోంచి పిడికెడు వెంట్రుకలు తీసి, ఎవరో చనిపోయినట్టు కాసేపు చూస్తూ నిలబడేది.

నా సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో నాకు 'నో' అనే మాట నోట్లోంచి వచ్చేది కాదు. మా నర్సింగ్ స్కూల్లో పెద్ద డాక్టరు వార్డులోకి వస్తే గోడకి అతుక్కుపోయి, ఆయన ఏమన్నా తలూపడమే నేర్పారు. ఇక్కడా అదే పద్ధతి. ఎవరేమన్నా "యెస్ డాక్టర్", "యెస్ మేడమ్". మా వార్డుకి పెద్ద నర్సు ఒక పొడుగాటి అమెరికన్ ఆవిడ, ఒంటరి మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతి గడియారం చూసుకునేది కాబట్టి నేనూ అక్కా ఇంట్లో ఆవిడకి గడియారమ్మ అని పేరు పెట్టాం. ఒకరోజు గడియారమ్మ నన్ను పక్కకి పిలిచి, "నీ చెయ్యి చాలా మంచిది. నోరే లేదు. రేపు డాక్టరు పొరపాటున వేరే మందు రాస్తే దానికీ యెస్ అంటావా? నాకు 'ఆగండి' అని అరవగలిగే నర్సు కావాలి. న్యూ ఇయర్ దాకా చూస్తాను, ఆ తర్వాత నిన్ను ఉంచాలో వద్దో చెబుతాను" అంది. నేను "యెస్ మేడమ్" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది.

ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే బాపట్ల. బాపట్లలో నా మీదే ఆశ పెట్టుకుని ఇద్దరు తమ్ముళ్ళు ఇంటర్ చదువుతున్నారు. ఆ దిగులుతో నాకు అన్నం సయించేది కాదు. రోజూ బస్సులో కూర్చుని "ఆగండి, ఆగండి" అని గొణుక్కుంటూ వెళ్ళేదాన్ని. (పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వేరే సీటుకి వెళ్ళిపోయేవాళ్ళు.) వార్డులో అడుగు పెట్టగానే మళ్ళీ యెస్సే.

ఆ డిసెంబర్‌లో గడియారమ్మ సెలవు పెట్టి హవాయి వెళ్ళింది. వెళ్ళేముందు నా జడ చూసి, ఇంత జుట్టు ఎలా పెంచావని అడిగింది. ఉద్యోగం గురించి కాకుండా ఆవిడ నన్నడిగిన మొదటి ప్రశ్న అది. నేను ఆనందం పట్టలేక మా ఊళ్ళో ఒక చెట్టుకి గోలీల్లాంటి గోధుమరంగు కాయలు కాస్తాయనీ, వాటిని రాయితో చితక్కొట్టి వేడినీళ్ళలో నానబెడతామనీ, ఇక్కడ అవి దొరక్క మా అక్క జుట్టంతా రాలిపోతోందనీ వచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి చెప్పాను. "ఇంటరెస్టింగ్" అంది. తిరిగొచ్చిన రోజు నా చేతిలో బరువైన కాగితం సంచి పెట్టి, "హవాయి నుంచి. చెట్టున కాసినవి. మీ ఇంట్లోవాళ్ళకి నచ్చుతాయి. బాగా గట్టివి, సుత్తి కావాలి" అంది. ఇంతలో ఒక రోగి బెల్ కొట్టాడు, ఆవిడ వెళ్ళిపోయింది. సంచి తెరిచి చూద్దును కదా, గోలీల్లాంటి గోధుమరంగు కాయలు! నా మాట గుర్తుపెట్టుకుని ఎక్కడో సముద్రం మధ్యనించి మోసుకొచ్చిందని నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ ఊపులో ఆదివారం భోజనానికి రమ్మని పిలిచేశాను. ఆవిడ వస్తానంది.

"ప్రభువా, స్తోత్రం!" అని అక్క, నేను ఇంటికి తెచ్చిన సంచిని గుండెలకి హత్తుకుంది. బావ ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పాడు. "కుంకుడుకాయ ముడతలు పడి ఉంటుంది కదే, ఇదేంటి ఇంత నున్నగా ఉంది?"

"ఇక్కడి వంకాయ చూశారా, సొరకాయంత ఉంటుంది. అన్నీ తెలిసినట్టు మాట్లాడకండి. సుత్తి ఎక్కడ పెట్టారు?"

ఆదివారం ఆరాధనకి తలంటుకుని వెళ్ళాలని శనివారం మధ్యాహ్నమే బాల్కనీలో మంచు తుడిచి, న్యూస్‌పేపర్ పరిచి పని మొదలుపెట్టాం. అబ్బో, ఏం కాయలండీ అవి! ఒక దెబ్బకి ఎగిరి రెయిలింగ్ దాటేది, రెండో దెబ్బకి బావ కణతకి తగిలేది. చప్పుడు భరించలేక కింద ఇంటాయన చీపురుకర్రతో తన ఇంటి పైకప్పుని పొడిచాడు. చివరికి ఒకటి పగిలితే లోపల తెల్లటి పప్పు. కుంకుడు గింజ నల్లగా కదా ఉంటుందని నా మనసులో ఓ అనుమానం మెదిలింది. కానీ అక్క "లేత కాయలే, చూడు ఎంత తెల్లగా ఉన్నాయో" అంది, నేను "అవునక్కా" అన్నాను. అంతే, సంచిలో ముప్పాతిక వంతు చితక్కొట్టి పెద్ద గిన్నెలో మరగపెట్టాం. ఇల్లంతా కొబ్బరి లౌజు చేస్తున్నంత కమ్మటి వాసన. బావ ముక్కు ఎగబీలుస్తూ వంటింట్లోకి వస్తే అక్క గరిటె చూపించి పంపేసింది. నురగ చుక్క కూడా రాలేదు. "ఇక్కడిది హార్డ్ వాటర్, నురగ రాదులే" అని అక్కే సర్దిచెప్పుకుని, నా తలమీద రెండు చెంబులు పోసి, తన తలమీద నాలుగు చెంబులు పోసుకుంది. తర్వాత చూస్తే నిండా ఆముదం పెట్టినట్టు జుట్టు అతుక్కుపోయింది. షాంపూ పెట్టినా వదల్లేదు. మర్నాడు తెలుగు ఆరాధన జరిగే బేస్‌మెంట్ హాల్లో పాస్టరమ్మగారు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఏం నూనె వాడుతున్నారమ్మా, మెరిసిపోతున్నారు" అన్నారు.

గడియారమ్మ సరిగ్గా ఒంటిగంటకి వచ్చింది. కోడి పలావు, పెరుగు పచ్చడి వడ్డించాం. ఆవిడ రెండు ముద్దలు తిని, మా మెరిసే తలలవైపు ఒకసారి చూసి, "నేనిచ్చిన కాయలు ఎలా ఉన్నాయి?" అంది. "వెరీ గుడ్ మేడమ్. నిన్నే చాలావరకు అయిపోయాయి" అన్నాను. ఒక్కరోజులోనా అని ఆవిడ కనుబొమలు లేచాయి. "మా అక్కకి కొంచెం ఎక్కువ కావాలి" అన్నాను. ఆవిడ అక్కవైపు గౌరవంగా చూసింది. మిగిలినవి తెమ్మంది. అక్క బాత్‌రూమ్‌లోంచి స్టీలు గిన్నె తెచ్చి గర్వంగా ముందు పెట్టింది. ఆవిడ అడిగితే బావ సుత్తితో ఒక కాయ కొట్టిచ్చాడు. గడియారమ్మ లోపలి పప్పు ఒలిచి, టక్కున నోట్లో వేసుకుంది.

కుంకుడుకాయ నోట్లో పడితే ఏమవుతుందో మన పిల్లలు ఎవర్నడిగినా చెబుతారు. కడుపులోకి పోతే ఇంకేమన్నా ఉందా! అక్క "అయ్యయ్యో, మింగేస్తోందే! ఒసేయ్, చూస్తావేంటే!" అని కేకపెట్టింది. నేనెప్పుడు లేచానో, బల్ల ఎటునించి దాటానో నాకు గుర్తులేదు. "స్టాప్! మింగకండి! ఉమ్మెయ్యండి, ఇప్పుడే!" అని ఇంగ్లీషులో అరిచి, మా పెద్ద నర్సుని మెడ దగ్గర పట్టి ముందుకి వంచి, వీపు మీద నా బలమంతా పెట్టి చరిచాను. పప్పు ఎగిరి పెరుగు పచ్చడిలో పడింది.

నా ఉద్యోగం, నా వీసా, తమ్ముళ్ళ చదువు అన్నీ ఆ పచ్చడి గిన్నెలోనే మునిగిపోయినట్టు అనిపించింది. "మేడమ్, అది తినకూడదు, తలంటుకునేది" అన్నాను. ఆవిడ మా జుట్టు చూసింది, గిన్నె చూసింది, మళ్ళీ మా జుట్టు చూసింది. అప్పుడు బావ గొంతు సవరించుకుని మెల్లిగా, "నేను నిన్న కొట్టేటప్పుడు ఓ నాలుగు తిన్నాను. బాగున్నాయి. చెబితే తిడతారని ఊరుకున్నా" అన్నాడు.

గడియారమ్మ నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. బల్ల పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. అవి మకడామియా కాయలట. హవాయిలో ఒక తోట చూపించడానికి తీసుకెళ్ళినవాళ్ళు ఆవిడకి కథంతా చెప్పారు. అందరూ హవాయివి అనుకుంటారు గానీ వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియాలో తూర్పు తీరపు వానల అడవులట. అక్కడి ఆదివాసులు ఎప్పటినుంచో రాళ్ళతో కొట్టుకుని తినేవాళ్ళట. ఎవరో గింజలు ఓడలో తెచ్చి, హవాయిలో చెరుకు తోటలకి గాలి తగలకుండా అడ్డుగా నాటారట. (మన సముద్రం ఒడ్డున సరుగుడు వేసినట్టన్నమాట.) "నూనె ఎక్కువే, కానీ మంచి నూనె, గుండెకి మేలు అంటున్నారు వాళ్ళు. అమ్మేవాళ్ళు కదా, అంటారు" అని ఆవిడ భుజాలెగరేసింది. మా వార్డులో గుండెజబ్బు వాళ్ళ చేతుల్లోంచి పప్పుల డబ్బాలు లాక్కునేది మేమే కదా మరి. బావ ఇంకొన్ని కొట్టాడు. అక్క ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, జీడిపప్పూ కొబ్బరీ కలిపి వెన్నలో వేసినట్టుందని చెప్పి, ఆ వెంటనే "ఇంత మంచివాటిని నాలుగు చెంబులు నెత్తిన పోసుకున్నానే!" అని నెత్తి బాదుకుంది. చెయ్యి జారింది.

వెళ్ళేటప్పుడు గడియారమ్మ కోటు వేసుకుంటూ వీపు ఒకసారి తడుముకుంది. నేను క్షమాపణ చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. "ఎవరిని కొడుతున్నావో చూసుకున్నావా?" అంది.

"నో మేడమ్" అన్నాను మెల్లిగా.

"ఇంకోసారి చెప్పు."

"నో మేడమ్!"

ఆవిడ గడియారం చూసుకుంది. "రేపు ఏడింటికి రా. న్యూ ఇయర్ తర్వాత కూడా ఏడింటికే రా" అని మెట్లు దిగిపోయింది. ఆ మాట అర్థం కావడానికి నాకు నిమిషం పట్టింది. అర్థమయ్యాక తలుపు పక్కనే కూలబడి భోరుమన్నాను. రెండు నెలలుగా ఛాతీ మీద కూర్చున్న రాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. అక్క నా పక్కన కూర్చుని స్తోత్రాలు చెబుతోంటే, బావ ఇదే అదనని మిగిలిన పప్పులు ఖాళీ చేశాడు. ఆ రోజు చాన్నాళ్ళకి కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ తర్వాత గడియారమ్మ ఉన్నన్నాళ్ళూ ప్రతి క్రిస్మస్‌కీ ఒక కాగితం సంచి వచ్చేది, మీద పెద్ద అక్షరాలతో 'తినడానికి' అని రాసి. ఇప్పుడావిడ లేదు, నేనే కొనుక్కుంటున్నాను. నా గుండె డాక్టరు (మా అమ్మాయి వయసు ఉంటుంది) ఉప్పు లేనివి రోజూ గుప్పెడు తినండి ఆంటీ, మంచి కొవ్వు అంటోంది. ఒకప్పుడు నేను రోగుల దగ్గర లాక్కున్నవన్నీ తలుచుకుని బుద్ధిగా తింటున్నాను. మొన్న షాపులో షాంపూల వరసలో ఒక సీసా మీద మకడామియా నూనె అని రాసి, పక్కన కాయ బొమ్మ కనబడింది. జుట్టుకి మహా మంచిదట! అక్కడే నిలబడి అక్కకి ఫోన్ చేశాను.

"చూశావా, మనం ఎప్పుడో కనిపెట్టాం! కొనవే నాకోటి" అంది.

"అక్కా, ఆ రోజు తెల్లటి పప్పు చూడగానే నాకు అనుమానం వచ్చిందే."

"మరి చెప్పి ఏడవొచ్చుగా!"

"అప్పుడు నాకు నోరెక్కడుంది?"

"ఇప్పుడు ఊరంతా నీ నోరే" అని ఫోన్ పెట్టేసింది. నేను ఆ సీసా బుట్టలో వేసుకుని, నా పొట్టి నెరిసిన జుట్టుని ఒకసారి తడుముకున్నాను. బస్సులో "ఆగండి, ఆగండి" అని గొణుక్కుంటూ వెళ్ళిన ఆ పొడుగు జడ పిల్ల గుర్తొచ్చి, షాపు అని కూడా చూడకుండా గట్టిగా నవ్వేశాను.