అమ్మకి పెట్టిన అరబ్బీ పరీక్ష

మొన్న గాజువాక మార్కెట్లో ఉల్లిపాయల బస్తా విప్పిన వాసనకి ‘బసల్’ అన్న మాట దానంతటదే నోట్లోకొచ్చింది. అరబ్బీలో ఉల్లిపాయ. నాకొచ్చిన అరబ్బీ అంతా కలిపితే ఓ సంచీ కూరలకి సరిపోతుంది.

నా తొమ్మిదో ఏట అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లడానికి సిద్ధమైంది. ఏజెంటు ఇచ్చిన కాగితం మీద అక్కడి బజారు మాటలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. అమ్మకి చదువు రాదు కాబట్టి మాస్టర్ని నేనే. చాప మీద ఉల్లిపాయలు, ఉప్పు, పాలగ్లాసు పెట్టుకుని కొట్టు నడిపేవాణ్ణి. అరబ్బీలో అడిగితేనే సరుకు.

బడిలో తప్పినవాళ్లని పై క్లాసుకి పంపరు కదా, మాటలు రాకపోతే అమ్మనీ పంపరని నా నమ్మకం. అందుకే ఎంత బాగా చెప్పినా ఫెయిల్ చేసేవాణ్ణి.

“తప్పు. మళ్లీ సెప్పు.”

“ఏటి తప్పురా? నువ్వు సదివినట్టే అన్నాను గదా!”

“పలకడం బాలేదు.”

పాపం, గిన్నెలు తోముతూ కూడా వల్లించేది. అంత కఠినమైన మాస్టరు దొరికాక రాకేం? వారంలో కాగితమంతా నోటికొచ్చేసింది. విమానం ఎక్కేసింది.

మూడేళ్లకి తిరిగొచ్చింది. ఆ మాటలు బజార్లో పనికొచ్చాయా అని అడిగాను.

“బజారేటి నాయనా! గుమ్మం దాటనిత్తే గదా. సరుకులు డ్రైవరు తెచ్చీవోడు. నాను రోజూ ఉల్లిపాయలు కోసుకుంటా నీకే అప్పజెప్పీదాన్ని.”

నాకప్పుడు పన్నెండేళ్లు. నవ్వొచ్చింది, నవ్వేశాను.