పన్నెండు వాయిదాలు

జేబులక్క అంటే వీధిలో అందరికీ తెలుసు. ఏ గుడ్డ కుట్టడానికిచ్చినా అడక్కుండానే ఓ జేబు పెట్టేస్తుంది కాబట్టి ఆ పేరు. మెట్ల కింద, తలుపు తెరిస్తే కత్తిరింపు బల్లకు తగిలేంత ఇరుకు గది. పంతొమ్మిదేళ్లుగా ఆమె కొట్టు అదే. ముసలి ఓనరు పోయాక, గది ఖాళీ చేయమని ఆయన కొడుకు కోర్టుకెక్కాడు. అది పోతే ఆమెకు మిషను పెట్టుకునే చోటే లేదు.

ఇద్దరు లాయర్లను అడిగింది. ఇత్తడి బోర్డున్నాయన, తీర్పు దాకా మొత్తం పాతిక వేలన్నాడు. ఆమె దండం పెట్టి లేచొచ్చేసింది. జిరాక్సు షాపు మేడమీద కూర్చునే రెండో ఆయన, "వాయిదాకి ఎనిమిది వందలివ్వమ్మా, చాలు" అన్నాడు మెత్తగా.

"ఎన్ని వాయిదాలండీ?"

"మామూలుగా పది, పన్నెండు పడతాయి."

కుట్టుమిషను కూడా ఆమె పన్నెండు వాయిదాల్లోనే కొనుక్కుంది. బల్ల మీద సుద్దముక్కతో లెక్కేసి చూస్తే పదివేలు కూడా కాలేదు.

"మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకున్నావా వదినా?" అని మరిది అడిగాడు.

"వాయిదాల మీద తీసుకుంటానన్నాడయ్యా. దేవుడిలాంటి మనిషి."

ఏడాదిన్నర చెప్పులరిగేలా తిరిగింది. ఓసారి జడ్జి సెలవు, ఓసారి అవతలి లాయరుకు జ్వరం, ఓసారి ఫైలే దొరకలేదు. వెళ్లొచ్చిన ప్రతిసారీ గోడ మీద సుద్దతో గీత గీసింది. పన్నెండో గీత గీశాక హాయిగా ఊపిరి పీల్చుకుంది.

పదమూడోసారి లాయరు కోసం ఓ గుడ్డసంచి కుట్టి తీసుకెళ్లింది, రెండు జేబులతో. ఆయన సంచి అందుకుని, "మరి ఇవాళ్టిది?" అన్నాడు.

"అయిపోయాయి కదండీ. పన్నెండూ కట్టేశాను."

ఆయన నవ్వలేదు, పాపం. "వాయిదా అంటే కోర్టు వాయిదామ్మా. కేసు ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు. ఇంకా సాక్షుల విచారణే మొదలవలేదు."

"ఇంకెన్నుంటాయి?"

"అది మన చేతుల్లో లేదమ్మా."

ఆమెను తెలివితక్కువదంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకే మాటకు బజారులో ఓ అర్థం, కోర్టులో ఇంకో అర్థం ఉంటే, ముందే విడమరిచి చెప్పాల్సింది డబ్బు తీసుకునేవాడు కాదా? ఇత్తడి బోర్డాయన దగ్గరికి మళ్లీ వెళ్తే, సగంలో ఉన్న కేసుకు ముప్పై వేలన్నాడు. మానేద్దామంటే గది పోతుంది, ఇచ్చిందంతా బూడిదలో పోసినట్టవుతుంది. ఏడ్చుకుంటూనే వాయిదాలకు వెళ్లింది.

ఇరవై ఎనిమిదో గీత తర్వాత అమ్మడానికి మిషను తప్ప ఏమీ మిగల్లేదు. కొన్నవాళ్లు దాన్ని బయటికి తేవడానికి బల్లను పక్కకు జరపాల్సి వచ్చింది. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. ఆ డబ్బు పట్టుకుని కోర్టుకు వెళ్తే, ఆ రోజు కూడా జడ్జి రాలేదు.

మర్నాడు పక్కింటామె గౌను గుడ్డ తెచ్చింది. జేబులక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమిరి, తిరిగిచ్చేసింది.

"మిషను లేదమ్మా."

"మరి ఈ గదెందుకక్కా?"

"పద్నాలుగో తారీఖున వాయిదా ఉంది" అంది జేబులక్క.