నీలిరంగు పెళ్లివారు

మాది తిరువూరు. నా పెళ్లయిన నాటి నుంచీ అత్తగారికీ మా అమ్మకూ ఒక చీర గొడవ నడుస్తోంది. ఎర్ర పట్టుచీర అడిగితే నీలం పెట్టారని అత్తగారు, ఎరుపే పెట్టామని అమ్మ. ఆ చీర ఎప్పుడో స్టీలు సామానువాడికి వెళ్లిపోయింది. ఇక సాక్ష్యం మా పెళ్లి క్యాసెట్టే.

మొన్న పెళ్లిరోజుకు మావారు ఆ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. మొదటి ఫైలు సరిగ్గా తాళి కట్టేచోట ఆగిపోయింది. రెండోసారి చేసింది ఆగకుండా ఆడుతోందని, రంగులు చూసుకోకుండానే పెన్‌డ్రైవ్ తెచ్చి అందరి ముందూ టీవీకి పెట్టేశారు.

తెరమీద అత్తగారు నిండు నీలం చీరలో కనిపించారు.

"చూశారా వదినగారూ, నీలమే. నేను అబద్ధం చెబుతానా?" అన్నారావిడ.

అమ్మ మొహం చిన్నబోయింది. ఇక జన్మంతా ఈ మాట పడాల్సిందేననుకున్నాను. అమ్మ మాత్రం కళ్లజోడు సర్దుకుని తెరవైపు పరీక్షగా చూసింది.

"నీలమే వదినగారూ. మీ మొహం కూడా నీలంగానే ఉంది. అది కూడా మేమే పెట్టామా?" అంది నిదానంగా.

నవ్వాపుకోలేక నేను వంటింట్లోకి పరిగెత్తాను. ఫైలు మార్చేటప్పుడు ఎరుపు, నీలం తారుమారయ్యాయట. మావారు సరిచేసి మళ్లీ పెట్టారు. చీర కుంకుమలా మెరిసింది.

అత్తగారు కాసేపు చూసి, "ఎరుపేలెండి. కానీ అంచు మరీ సన్నం కదా" అన్నారు.

రంగులు చెడిన ఫైలు తీసేయమన్నారు మావారు. నేను తీసేయలేదు, ఫోనులోకి ఎక్కించుకున్నాను. అత్తగారు విసుక్కున్నప్పుడు ఫోనులో ఆ నీలి మొహాలు చూసుకుంటే చాలు, నా కోపం ఎటో పోతుంది.

– సుజాత, తిరువూరు