తలుపులు ఊడదీసుకుని

మోకాలి ఆపరేషన్ తర్వాత నిన్న మొదటిసారి ఇల్లు దాటాను. రాజమండ్రిలో మా వీధి చివర చేపల దుకాణాలు వరసగా ఉంటాయి. చేతికర్ర ఆనించుకుంటూ అక్కడిదాకా వెళ్ళేసరికి ఎవరో పెద్ద చేప పొలుసు గీస్తున్న చప్పుడు వినిపించింది. గరగరమంటూ, కాస్త ఆగి, మళ్ళీ గరగర. దానితోపాటు పసుపూ, ఉప్పునీరూ, పచ్చి చేపా కలిసిన వాసన. చాలామంది ముక్కు మూసుకునే వాసన అది. నాకు మాత్రం అది ఒక ఆసుపత్రి వరండా వాసన. ఆ వరండాలో తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూచున్న రూతమ్మ గారు కళ్ళముందు నిలిచారు.

కాకినాడలో నేను నర్సింగ్ చదివిన రోజుల్లో రూతమ్మ గారు మా ట్యూటర్. పొడగరి. గంజి పెట్టిన చీర, ఆ చీరకి ఏమాత్రం పొంతన లేని పకపక నవ్వు. వార్డులోకి రాగానే కేసు షీటు తీసేవారు కాదు. రోగి మంచం పక్కకి స్టూలు లాక్కుని, తలగడ ఎత్తుకి తల వంచి, అక్కడినుంచి ఏం కనిపిస్తుందో చూసేవారు. ఒకసారి అలా చూసి, "పాపం, ఈయనకి పొద్దస్తమానం బెడ్‌పాన్ల అలమరే దర్శనం! అన్నం ఎలా దిగుతుందమ్మా?" అంటూ మంచం అటు తిప్పించారు. ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు. రోజూ పడుకోబోయే ముందు, ఆ రోజు చూసిన ఒక మనిషి గురించి నాలుగు మాటలు రాసుకోమని మాకు చెప్పింది కూడా ఆవిడే. మిగతావాళ్ళు చదువు కాగానే మానేశారు. నేను మానలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, నేల మీద కూచుని చిన్న రాతపీట ముందు పెట్టుకుని డైరీ రాస్తూనే వచ్చాను. ఈ ఆపరేషన్ దాకా.

మా పాఠాల్లో ఒక సిద్ధాంతం ఉండేది. చుట్టూ ఉన్న పరిస్థితి మారినప్పుడు మనిషి దానికి తగ్గట్టు సర్దుకుంటాడు, ఆ సర్దుబాటుకి చేయి అందించడమే నర్సు పని అని దాని సారం. ఒంటికి తగిలిన దెబ్బ ఒక్కటే చూస్తే చాలదు. తన గురించి తను ఏమనుకుంటున్నాడు, ఇంట్లోనూ ఊళ్ళోనూ తన పని ఏమిటి, తనకి ఎవరున్నారు, ఇవన్నీ చూడాలి. పుస్తకంలో ఇదంతా పేజీలకొద్దీ సాగేది. మాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. రూతమ్మ గారు పుస్తకం మూసేశారు.

"లంకల నుంచి వచ్చినవాళ్ళు ఎవరమ్మా ఇక్కడ?"

నేను చెయ్యెత్తాను. మాది కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఉన్న లంక.

"గోదారి మీ ఒడ్డు కోసేస్తే మీ నాన్న ఏం చేస్తారు? ఏటితో దెబ్బలాడతారా?"

"లేదండీ. అవతల మేట వేస్తుంది కదండీ. ఆ ఇసకలో పుచ్చపాదులు పెడతారండి."

"అదే! కోసిన చోట కూచుని ఏడవకుండా, మేట వేసిన చోటు వెతుక్కోవడం. రోగికి ఆ చోటు చూపించడమే మీ పని. ఇంతోటిదానికి ఇన్ని పేజీలు!"

క్లాసంతా నవ్వింది. సిద్ధాంతం నాకు పూర్తిగా అర్థమైందని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే నూకరత్నం అనే ఆవిణ్ణి నాకు అప్పగించారు. ఉప్పాడలో చేపలు కోసి అమ్మే మనిషి. షుగరు ఉంది. కాల్లో దిగిన ముల్లు పుండై, కుళ్ళి, కుడికాలు మోకాలి కిందనుంచి తీసేయవలసి వచ్చింది. గాయం బాగానే మానుతోంది. మనిషే కోలుకోవడం లేదు. గోడవైపు తిరిగి పడుకునేది. రెండు ముద్దలు తిని పళ్ళెం తోసేసేది. షుగరు మందు పడుతూ తిండి లేకపోతే ప్రాణానికే ముప్పని మా భయం. చంకకర్రలతో ఆవిణ్ణి నడిపించడం నా బాధ్యత. నేను కర్రలు తెచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకునేది. విసిగిపోయి రికార్డులో 'రోగి సహకరించడం లేదు' అని రాశాను.

రూతమ్మ గారు ఆ వాక్యం మీద వేలు పెట్టారు. "ఎవరికి సహకరించడం లేదు సత్యవతీ? నీకా, తనకా?"

తనే వెళ్ళి మంచం పక్కన కూచుని, మావైపు తిరిగి ఉన్న ఆ వీపుతో లంకల కథ చెప్పారు. కోత గురించీ, మేట గురించీ, పుచ్చపాదుల గురించీ. నూకరత్నం మొదటిసారి ఇటు తిరిగింది.

"అది ఏటి మాటండి మేడంగారూ. మా సముద్రం కొయ్యడమే గానీ మేట వెయ్యదు. మా అత్త ఇల్లు పోయింది, నా ఇల్లు పోయింది. అవతలి ఒడ్డేదండి, వెతుక్కోడానికి?"

రూతమ్మ గారు స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. "నిజమే. నాకు తట్టలేదు," అన్నారు. "మరి ఇల్లు పోయేటప్పుడు మీరేం చేస్తారు?"

"ఏం చేస్తామండి? అల గుమ్మం దాకా వచ్చేసిందంటే తలుపులూ, ద్వారబంధాలూ ఊడదీసుకుని వెనక్కి జరుగుతాం. వాటికి సరిపడా మళ్ళీ గోడలు పెట్టుకుంటాం."

"ఇప్పుడు కాలు పోయింది. నువ్వేం ఊడదీసుకుంటావు?"

ఆవిడ మళ్ళీ గోడకేసి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. "నా కత్తిపీటండి," అంది నెమ్మదిగా. "మా ఊళ్ళో నా అంత సన్నంగా ముక్క కోసేవాళ్ళు లేరు. కానీ దాన్ని కుడికాలితో తొక్కిపట్టాలి కదండీ. ఇప్పుడు దేంతో తొక్కను?"

"ఎడంకాలితో తొక్కకూడదా?" అన్నాను నేను, సాయం చేస్తున్నాననుకుని.

"నువ్వు ఎడంచేత్తో అన్నం తింటావా నర్సమ్మా?"

రూతమ్మ గారు పకపక నవ్వారు. నూకరత్నం పెదవి కూడా కాస్త కదిలింది. కాలు పోయిందని మేమందరం రాశాం. ఆ కాలు ఏం పని చేసేదో ఒక్కరమూ అడగలేదు. మా దృష్టిలో కోలుకోవడమంటే నడవడం. ఆవిడ బతుకంతా కూచుని చేసే పని.

రూతమ్మ గారు కబురు పెడితే నూకరత్నం భర్త అప్పన్న గోనెగుడ్డలో చుట్టి కత్తిపీట తెచ్చాడు. వార్డు సిస్టర్ అడ్డుపడింది. "వార్డులో కత్తేంటి మేడం? రేపు ఏమైనా అయితే?"

"వార్డులో కాదమ్మా, వెనక వరండాలో. ఏమైనా అయితే నా పేరు చెప్పండి."

ఆసుపత్రి వడ్రంగి ఆ కత్తిని బరువైన చెక్కకి బిగించి ఇచ్చాడు. వంటగది నుంచి ఆనపకాయ తెచ్చాం. నూకరత్నం కాయని కత్తికేసి నొక్కగానే చెక్క లేచి పక్కకి జారింది. మనిషి తూలింది. నేను పట్టుకున్నాను గానీ, కాయ దొర్లుకుంటూ మెట్ల కిందికి పోయింది. "నా వల్ల కాదు. తీసుకుపోండి," అని మొహం కప్పుకుంది. ఆ రాత్రి ఒక్క మెతుకు ముట్టలేదు.

నాకు నిద్ర పట్టలేదు. తొక్కిపట్టే కాలు లేదని డైరీలో రాస్తుంటే మా అమ్మ కొబ్బరి కోరడం గుర్తొచ్చింది. తెల్లవారగానే పరుగెత్తాను.

"మేడం, మా అమ్మ కొబ్బరి కోరేటప్పుడు కాలితో తొక్కదండి. కోరే పళ్ళు పీటకే బిగించి ఉంటాయి, ఆ పీట మీదే కూచుంటుంది. ఒంటి బరువే దాన్ని పట్టుకుంటుందండి!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఇది పుస్తకంలో ఏ పేజీలో ఉందే?"

వడ్రంగి ఈసారి వెడల్పాటి పీట చేశాడు, కాస్త ఎత్తుగా, ముందువైపు కత్తితో. బతిమాలి కూచోబెట్టాం. ఆనపకాయ తెగింది. పీట కదల్లేదు. అప్పుడు రూతమ్మ గారు సంచిలోంచి ఆకులో చుట్టిన చేపని తీశారు. పొద్దున్నే బజారుకెళ్ళి తనే బేరమాడి తెచ్చారట. నూకరత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎవరండీ మీకంటగట్టింది? నిన్నటిదిది," అని పెదవి విరిచి, పొలుసు గీయడం మొదలుపెట్టింది. గరగర, గరగర. కిటికీలన్నిటా రోగులు చేరారు. "పులుసెప్పుడమ్మా?" అన్నారెవరో. వార్డు సిస్టర్ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మరీ నిలబడి చూసింది. రూతమ్మ గారు ఎదురుగా నేల మీద కూచుని, ఒక్కొక్క ముక్కా పళ్ళెంలోకి అందుకుంటూ పసుపు రాశారు.

చేప అయిపోయాక నూకరత్నం చేతులు తుడుచుకుని నావైపు చూసింది. "ఆ కర్రలు ఇలా తేవే నర్సమ్మా. రోజూ ఈ పీట దగ్గరికి నన్నెవరు మోస్తారు?"

ఆ పూట పళ్ళెం ఖాళీ చేసింది.

కొన్నాళ్ళకి రూతమ్మ గారూ నేనూ ఉప్పాడ వెళ్ళాం. సముద్రం ఇంకాస్త ముందుకొచ్చింది. రోడ్డువార తాటాకు పందిరి కింద, ఆ పీట మీద నూకరత్నం. చంకకర్రలు పందిరి గుంజకి ఆనించి ఉన్నాయి. రూతమ్మ గారు అలవాటు కొద్దీ బేరమాడబోయారు.

"నా కాలు మీ ఆసుపత్రిలోనే ఉంచేసుకున్నారు. ఇంకా ధర కూడా తగ్గించాలా మేడంగారూ?" అంది ఆవిడ గట్టిగా. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది రూతమ్మ గారే.

ఆ తర్వాతి బ్యాచీలకి కూడా ఆవిడ ఏటి కథే చెప్పేవారు. చివర్లో మాత్రం, "ఇది ఏటి ఒడ్డు వాళ్ళ మాట. సముద్రపు ఒడ్డున ఒకావిడ నాకు ఇంకోటి నేర్పింది," అంటూ తలుపుల సంగతి చెప్పేవారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నేను పనిచేసిన ప్రతి వార్డులోనూ, కొత్తగా వచ్చిన అమ్మాయిలకి రోగి దగ్గర అడగమని చెప్పిన మొదటి ప్రశ్న అదే: ఏం పోయిందని కాదు, ఏం వెంట తెచ్చుకుంటారని.

నన్ను నేను అడగడమే మరిచిపోయాను. ఇక నేల మీద కూచోకూడదని డాక్టరు చెప్పినప్పటినుంచీ నా రాతపీట గోడవార దుమ్ముకొట్టుకుంటూ ఉండిపోయింది. నేల లేనప్పుడు రాత ఎక్కడిదనుకున్నాను. నిన్న చేపల దుకాణం నుంచి వచ్చి, దాన్ని తుడిపించి, కిటికీ పక్క బల్ల మీదికి ఎక్కించమన్నాను. కుర్చీలో కూచుంటే ఎత్తు సరిగ్గా సరిపోయింది. ఎన్నాళ్ళకో డైరీ తెరిచి, ఆ రోజు చూసిన మనిషి గురించి నాలుగు మాటలు రాశాను. చేపలు కోసే ఆవిడ, పేరు అడగలేదు, రేపు అడగాలి.