మద్దిచెట్టు కింద వేపరెమ్మ

అడవిని కాచే జంగ్లాత్ జవాను గులాం నబీ నరకాల్సిన ఏ చెట్టుకు ముద్ర వేయాలన్నా ముందు దాని మొదట్లో వేపాకు కోసం వెతికేవాడు. మద్దిచెట్టు కింద వేపాకేమిటని కూలీలు నవ్వుకునేవారు. నవ్వరా మరి!

ఆ అలవాటు ఆయనకు పంతొమ్మిదివందల యాభై మూడులో, వికారాబాద్ పక్కన అనంతగిరి అడవిలో పట్టుకుంది. ఆ వానాకాలం ఒక ముదురు నల్లమద్ది మీద గూడు ఖాళీగా కనిపించింది. ఎప్పటిదో పాతది కదా అని నబీ దానికీ ముద్రసుత్తితో ఒక దెబ్బ వేశాడు. చలికాలం రాగానే, తల మీద కుచ్చున్న పెద్ద గద్దల జంట అదే గూటికి తిరిగొచ్చింది. ఆ చెట్టును వదిలేయమని నబీ పైవాళ్ళను అడిగాడు. ముద్ర పడ్డ చెట్టును వదలడం కుదరదని పైవాళ్ళు తేల్చేశారు.

పరేషానై రోజూ చెట్టు కిందికి పోయేవాడు. అక్కడే ఒక వింత చూశాడు. గూడు కట్టడం ఎప్పుడో అయిపోయింది, పిల్ల కూడా పుట్టింది. అయినా తల్లిగద్ద పొద్దున్నే ఊరివైపు నుంచి పచ్చి వేపరెమ్మ తెచ్చేది. కొన్ని జారి కింద పడేవి. తినదు, గూటికి అల్లదు. మరెందుకు? ఆ సంగతి తేలక నబీకి అన్నం సయించలేదు.

నరికే మేస్త్రీ చంద్రప్ప గొడ్డలితో వచ్చిన రోజు, ఇంకేం చెప్పాలో తోచక నబీ ఆ రెమ్మనే చూపించాడు. కూలీలకు వండిపెట్టే యాదమ్మ, చంద్రప్ప భార్య, దాన్ని చేతిలోకి తీసుకుంది.

"మన కోడలు కాన్పైతే దర్వాజకు యాపమండ కట్టలే? గిది గుడ బాలింత ఇల్లే. కింద పచ్చిమండ పడ్డన్ని దినాలు గొడ్డలి ముట్టొద్దు," అంది మొగుడితో.

చంద్రప్ప కాదనలేకపోయాడు. పక్క చెట్లు నరుకుతూ, రోజూ ఒకసారి వచ్చి మద్ది కింద చూసి పోయేవాడు. తీరా పిల్లకు రెక్కలు ముదరకముందే తల్లి రెమ్మలు తేవడం మానేసింది. నమాజు తప్పని నబీ, అబద్ధం ఎరగని నబీ, పెరట్లో వేపరెమ్మ కత్తితో కోసుకొచ్చి మద్ది మొదట్లో వేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడూ వేశాడు.

ఆ పూట నీళ్ళకు పోతూ యాదమ్మ వంగి రెమ్మ తీసి, తెగినచోట వేలుపెట్టి చూసింది.

"రేపటిసంది చేత్తోని ఇరువుండ్రి సాబ్," అంది మెల్లగా. "గద్దకు కత్తి యాడిది?"

పిల్ల ఎగిరేదాకా నబీ చేత్తోనే విరిచాడు. ఎగిరిన రోజు తనే వెళ్ళి, ఇల్లు ఖాళీ అయిందని చంద్రప్పతో చెప్పాడు.