మూడో మెట్టు వరకూ నీళ్లు

ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. బడి మానేశాక ఆ అలవాటు గోడ క్యాలెండరు మీదికి మళ్లింది. ప్రతి తారీఖు కింద చిన్న అంకె వేస్తాను. ఆ ఉదయం మా ఊరి మంచినీళ్ల చెరువులో నీటికి పైన ఎన్ని మెట్లు కనబడ్డాయన్నదే ఆ అంకె. మొత్తం మెట్లు పద్దెనిమిది.

వేసవిలో మరమ్మతులకని గోదావరి కాలువలు నెలన్నర పాటు కట్టేస్తారు. ఆ నెలన్నరా ఊరు తాగేది చెరువులో నిలవ చేసుకున్న నీళ్లే. నాలుగు రోజులకు ఒక మెట్టు చొప్పున నీరు తగ్గుతుంది. పద్నాలుగు మెట్లు బయటపడితే మోటారు బురద తోడుతుంది. కాబట్టి కాలువ కట్టే వేళకు మూడు మెట్లకు మించి కనబడకూడదు. మిగతా పదకొండు మెట్ల నీరు నలభై నాలుగు రోజులకు సరిపోతుంది.

ఈ ఏడు కాలువ కట్టడానికి సరిగ్గా వారం ఉండగా నేను క్యాలెండరులో వేసిన అంకె పదకొండు. అంటే మూడు మెట్ల నీళ్లు, పన్నెండు రోజులు.

ఆ రోజు బుధవారం. బుధవారం పదింటికి మా ప్రాంతపు రేడియోలో వచ్చే చర్చ నేను తప్పకుండా వింటాను. ముందు వార్తల మీద మాటలు, తరువాత ఒక వారం తోలుబొమ్మలాట గురించి, ఇంకో వారం కొబ్బరికి పట్టిన తెల్లదోమ గురించి, చివర శ్రోతల ఫోన్లు. ఆ వారం కాలువల ఇంజనీరు గారు వచ్చారు. చెరువులు నిండిన ఊళ్ల పేర్లు చదువుతూ మా ఊరి పేరూ చదివారు. నేను కూర కింద స్టవ్వు ఆర్పేసి ఫోను అందుకున్నాను. పదకొండోసారికి కలిసింది.

“నమస్కారమండి. ముందు మీ రేడియో కట్టేయండమ్మా, గోల వస్తోంది,” అంది కార్యక్రమం నడిపే అమ్మాయి.

కట్టేశాను. “ఇంజనీరు గారూ, మా చెరువు నిండిందన్నారు. నిండలేదండి. పదకొండు మెట్లు పైకే ఉన్నాయి.”

“కాలువ నుంచి మీ చెరువుకు నీళ్లొదిలే తూము తలుపు పదిరోజులుగా పూర్తిగా ఎత్తే ఉందమ్మా. రికార్డు ప్రకారం నిండాలండి.”

“మీ రికార్డులో మునిగిన మెట్లు ఇక్కడ ఎండకి కాలిపోతున్నాయండి. చెప్పులు విడిచి ఒక్కసారి దిగి చూడండి.”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంజనీరు గారు నవ్వలేదు. “పదకొండు. రాసుకున్నానండి. రేపు పదింటికి మనిషి వస్తాడు,” అన్నారు.

ఫోను పెట్టేలోపే పక్కింటి కోడలు పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. “పిన్నిగారూ, ఏం కడిగేశారండీ ఆయన్ని! వీధి వీధంతా విన్నారు!”

ఆ ఉత్సాహంలో సాయంత్రం ఆమెను వెంటబెట్టుకుని చెరువుకు వెళ్లి, పైనుంచి ఒక్కో మెట్టూ దిగుతూ లెక్కపెట్టాను. పది వచ్చాయి. మళ్లీ ఎక్కి, మళ్లీ దిగాను. పదే. ఆ వారంలోనే పంచాయతీ వాళ్లు పై అరుగుకు సిమెంటు పూసి అంచు కట్టారు. దూరం నుంచి చూసి అదీ మెట్టే అనుకున్నాను.

“రేడియో వాళ్లకి చెప్పాలి,” అన్నాను.

“మీకేమైనా పిచ్చా అండీ? పదో పదకొండో, నీళ్లయితే లేవు కదా! ఇప్పుడు తప్పన్నారంటే, ముసలావిడకి కళ్లు కనబడవని మొత్తం కొట్టిపారేస్తారు.”

ఆమె భయం నాకూ ఉంది. రేపు వచ్చే మనిషి పది అని రాసుకుపోతే, నా మాటతోపాటు ఊరి నీళ్లూ పోతాయి. అయినా తప్పు లెక్కను పలక మీద అలా వదిలేసి ఇంటికి వెళ్లడం నాకు ఏనాడూ చేతకాలేదు. ఫోను చేశాను. మర్నాడు ఎనిమిదింటికి రేడియోలో చదివారు: “నిన్న పదకొండు మెట్లన్న టీచరు గారు, అవి పదేనని సరిదిద్దారు.” పక్కింట్లో గిన్నె దబ్బున పడ్డ చప్పుడు వినిపించింది.

పదింటికి కాలువ తలుపులు ఎత్తి దించే లస్కరు సైకిలు దిగాడు. “అమ్మగారండీ, ఇంజనీరు గారు రేడియో విన్నారండి. ‘తన లెక్కలో ఒక మెట్టు తనే తగ్గించుకున్నావిడ మిగతా పదీ ఊరికే చెప్పరు. నువ్వు తూము లోపలికి దిగి చూడు’ అన్నారండి.”

దిగాడు. గట్టు కింద గొట్టంలోంచి గుర్రపుడెక్క మొక్కలు చేతినిండా లాగి చూపించాడు. “ఆయ్, తలుపు ఎత్తే ఉందండి. గొట్టమే పూడిపోయింది.”

ఆరుగురు మధ్యాహ్నం దాకా లాగారు. రెండూ ఇరవైకి గొట్టం ఒక్కసారి గుడగుడమని నీళ్లు కక్కింది. గట్టు మీద ఆడవాళ్లందరం కేకలు పెట్టాం. నేనూ పెట్టాను.

శుక్రవారం తొమ్మిది. శనివారం ఏడు. ఆదివారం ఆరు. సోమవారం ఐదు. రోజూ పొద్దున్న నేను చెరువు నుంచి తిరిగొచ్చేసరికి వీధి గుమ్మాల్లో మనుషులు. “ఎంతండీ ఇవాళ?” మంగళవారం నాలుగు.

బుధవారం సాయంత్రం ఆరింటికి కాలువ కట్టేస్తారు. ఉదయం పదిన్నరకు రేడియో అమ్మాయే నాకు ఫోను చేసింది. నేను చెరువు దగ్గరే ఉన్నాను, చుట్టూ సగం ఊరుంది.

“టీచరు గారూ, ఇప్పుడు ఎన్ని మెట్లండి?”

“మూడు!” అని వెనకనుంచి అరిచారందరూ.

“నాలుగు,” అన్నాను. “నాలుగో మెట్టు ఇంకా బెత్తెడు పైకే ఉంది.”

“ఈవిడతో చచ్చాం!” అంది పక్కింటి కోడలు. అదీ రేడియోలో వచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి తప్ప అక్కణ్ణుంచి కదల్లేదు. మూడింటికి రెండు వేళ్లు, నాలుగింటికి ఒకటి. అయిదూ పదికి చిన్న అల వచ్చి మెట్టును తడిపి వెనక్కి పోయింది. “మునిగింది!” అన్నారు. “తడిసింది,” అన్నాను. అయిదూ నలభైకి వంగి అరచెయ్యి పెట్టి చూశాను. చెయ్యి మొత్తం నీళ్లలోనే ఉంది.

ఇంటికొచ్చి తడి చేత్తోనే ఆ తారీఖు కింద మూడు వేశాను. అంకె కాస్త అలుక్కుపోయింది.