వదిన పెంచిన నల్ల పలక

మా వదిన చేతి శుభ్రాన్ని శంకించిన మనిషిని ఇంతవరకూ ఒక్కణ్ణే చూశాను. ఆయన మా ప్రయోగశాలకి పెద్ద.

వదినది స్ఫటికాలు పెంచే పని. లోహాల పొడులు తూచి, గాజు గొట్టంలో మూసి, కొలిమిలో కరిగించి, మూడు వారాలపాటు గంటకో డిగ్రీ చొప్పున చల్లారనిస్తుంది. చివరికి గోరంత నల్లని పలక దొరుకుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే. స్టీలు పట్టకారు ముట్టదు. ఇనుప రజను అంటుతుందని వెదురుది తనే చెక్కుకుంది. ఆ పలకల్ని ద్రవ హీలియంతో చల్లబరిచి కొలవడం నా పని. లోకంలో దేన్నైనా చల్లబరుస్తాను, మా వదిన కోపాన్ని తప్ప.

ఈసారి పలకలో కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పారింది. అంటే అతివాహకం. అలాంటిది అయస్కాంతాన్ని దగ్గరికి రానివ్వదు. రెంటికీ ఉప్పూ నిప్పూ. ఇదేమో తనే అయస్కాంతమై కూర్చుంది!

పెద్దాయన పెదవి విరిచాడు. "ఇనుము కలిసిందమ్మా. మీ చెయ్యి జాగ్రత్త తప్పింది. వచ్చే నెల నుంచి స్టోర్స్ చూసుకోండి, కొలిమి ఇంకొకరికి ఇద్దాం."

నాకు ఒళ్లు మండింది. వదిన ఆ రోజు అన్నం ముట్టలేదు. "కొలిమి లేకపోతే నేనేం చెయ్యను అబ్బాయ్?" అని ఒక్కమాటే అంది.

మర్నాడు పొద్దున్నే పలక తెచ్చి నా ముందు పెట్టింది. "విరిచెయ్."

"పిచ్చా వదినా! ఇలాంటిది మళ్లీ వస్తుందో రాదో!"

"మురికైతే ఒక ముక్కలో ఎక్కువుంటుంది, ఇంకోదాంట్లో అసలుండదు. విరిస్తేగా తెలిసేది?"

నాకు చెయ్యి రాలేదు. తనే పైపొర ఆమ్లంతో కడిగి, బ్లేడు ఆనించి, ఎనిమిది ముక్కలు చేసింది. ఆ చప్పుడుకి నా ప్రాణం ఉసూరుమంది.

పది రోజులు కొలిచాను. మొదటి ముక్కలో రెండు గుణాలూ ఉన్నాయి. రెండోదాంట్లోనూ అంతే. ఐదోదాన్ని నమ్మలేక రెండుసార్లు కొలిచాను. ఎనిమిదోది ఆవగింజలో సగం. దాంట్లోనూ బరువుకి తగ్గట్టు, పిసరు తేడా లేకుండా, రెండూ ఉన్నాయి. అమ్మ బాబోయ్! పొసగనివనుకున్నవి నలుసంత చోట కాపురం చేస్తున్నాయి.

కొలిచే గదికి ఏనాడూ రాని వదినని తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టాను. కరెంటుకి ఎదురయ్యే అడ్డు చూపే గీత సున్నాకి పడిపోతోంది, అయస్కాంత గుణం చూపేది పైకి లేస్తోంది. వదిన వేలు చాచి, ముట్టుకోకుండా ఆపేసింది.

"నేను పోసిన పొడులే కదా అబ్బాయ్... ఇదంతా వాటిలో ఎక్కడుంది?" కళ్లు చెమర్చాయి.

ఇంతలో పెద్దాయన వచ్చాడు. ఎనిమిది ముక్కల కొలతల కాగితాలూ తిరగేసి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చూశాడు.

"కొలిమి మీదేనమ్మా. తొందరపడ్డాను, క్షమించండి. ఇదంతా మీ చేతి చలవే."

"నా చెయ్యేం చెయ్యలేదనే కదండీ పది రోజులుగా మొత్తుకుంటున్నాను," అంది వదిన, తెర మీంచి చూపు తిప్పకుండా. "అదే అలా ఉంది."